దొంగబుల్లోడూ, మా ఇన్‌స్పెక్టరూ

అనకాపల్లిలో నా ముఖం తెలిసినవాళ్లు తక్కువ, నా గొంతు తెలియనివాళ్లు ఇంకా తక్కువ. కేబుల్ టీవీ ఆఫీసులో నేను చేసిన ఉద్యోగం అలాంటిది. పొద్దున్న బెల్లం మార్కెట్ రేట్లు, మధ్యాహ్నం చీరల కొట్ల ప్రకటనలు, సాయంత్రం ఊరి వార్తలు, మధ్యమధ్యలో తప్పిపోయిన గేదెల కబుర్లు. అన్నీ నేనే చదివేదాన్ని. తెర మీద అక్షరాలు పరిగెడుతుంటే వెనకాల నా గొంతు వినబడేది. బజారులో నోరు తెరిచి వంకాయలెంత అని అడిగితే చాలు, అమ్మే మనిషి తక్కెడ కింద పెట్టేసి, "నువ్వు టీవీలో బెల్లమమ్మవి కాదేటి?" అనేది. బెల్లమమ్మ! డిగ్రీ దాకా చదివి నేను సంపాదించుకున్న బిరుదు అది.

మీరిప్పుడు ఫోను చేతిలో పెట్టుకుని ఏ దేశం బొమ్మనైనా వేలితో తోసేస్తూ చూస్తున్నారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో ఊళ్లోకి బొమ్మ రావాలంటే మా గది మీదుగా రావాల్సిందే. బట్టల కొట్టు మీద మేడ గది. ఎండ పడకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టేవాళ్లం. వరసగా టీవీలు, ఒక డిస్కు ప్లేయరు, ఒక మైకు, ఒక టెలిఫోను. బయట రోడ్డు మీద ఏ వేళయినా లోపల మాత్రం ఎప్పుడూ నీలం రంగు సందెవేళే. ఆ వెలుతురులో పదకొండేళ్లు కూర్చున్నాను. ఇప్పటికీ కల వస్తే ఆ నీలంలోనే వస్తుంది.

ఆ గదిలో డిస్కులు వేసే పెద్దాయన ఒకడుండేవాడు. ఊరందరికీ మామే, మాకూ మామే. ఇంకొకడు లైన్‌మన్. రోలుగుంట వైపువాడు, ముప్పై నిండని మనిషి, నన్ను అక్కా అనేవాడు. భుజాన వైరు చుట్ట, సైకిలుకి నిచ్చెన. స్తంభం మీంచి, "అమ్మా! బొమ్మ వచ్చిందేటీ?" అని కేకేస్తే ఇంట్లోంచి, "రానేదు! అదిగో వచ్చింది! మళ్లీ పోయింది!" అని జవాబొచ్చేది. ఆ కేక వినని వీధి లేదు. మీరు గమనించారో లేదో, కేబుల్ లైన్‌మన్‌కి ఉన్న చనువు సొంత మేనమామకి కూడా ఉండదు. టీవీ ఏ గదిలో ఉంటే ఆ గదిదాకా వెళ్లాలి. మగవాళ్లు లేని వేళ వెళ్లాలి, పడగ్గదిలో మంచం జరిపి వైరు తగిలించాలి. పనితనం సంగతి తర్వాత, ముందు ఇంటివాళ్లు తలుపు తియ్యాలి. అది లేకపోతే ఆ ఉద్యోగమే లేదు.

ఆ ఏడు నూకాలమ్మ పండగ వెళ్లాక, ఎండలు ముదిరిన రోజుల్లో, మా ఓనరు సినిమా డిస్కులు కొనడానికి విశాఖపట్నం వెళ్లి ఓ అట్టపెట్టె పట్టుకొచ్చాడు. జపాన్ వాళ్ల బొమ్మల సీరియలు. డిస్కుల మీద అక్షరాలు జపాన్‌వి, లోపల మాటలూ జపాన్‌వే.

"ఒక్క ముక్క తెలీట్లేదు, ఇదేటి బాబూ?" అన్నాడు మామ.

"పిల్లల బొమ్మలకి బాసేటి మావా? సెలవలొచ్చేయి, ఏసెయ్యి," అన్నాడు ఓనరు.

వేశాం. ఒక కుర్ర దొంగ. చింపిరి జుట్టు, నడుముకి తాడు, భుజాన సంచి. ఊదారంగు ఆకాశం కింద పెంకుటిళ్ల కప్పుల మీద పరిగెడుతుంటాడు. సముద్రం మీద రైలు వెళ్తుంటుంది. ఎక్కడ చూసినా మంచు. వాడు రాజుగారి దువ్వెన ఎత్తుకొస్తాడు, గడియారం లోలకం ఎత్తుకొస్తాడు, దీపస్తంభంలో దీపం ఎత్తుకొస్తాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. పొడుగు కోటు ఇన్‌స్పెక్టరొకడు ఆయాసపడుతూ వెంటపడుతుంటాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో ఫోను మోగింది. "అమ్మా, ఆ గుంటడు ఏటంటన్నాడో సెప్పండమ్మా. మా పిల్లలు నా పేనం తోడేత్తన్నారు," అని ఒకామె. పెట్టగానే ఇంకొకామె. నాకు చిరాకేసింది. జపాన్ గొంతు తగ్గించేసి, మైకు దగ్గరికి లాక్కుని, తెర మీద వాడి నోరు కదలగానే అన్నాను: "నేను దొంగని. ఈ సంగతి మా అమ్మకి తెలీదు."

మామ నోరెళ్లబెట్టాడు. నేను ఆగలేదు. వాడు ఏ కప్పు మీంచి దూకితే ఆ దూకుడికి తగ్గ మాట, నవ్వితే నవ్వుకి తగ్గ మాట. సరిగ్గా అప్పుడే లైన్‌మన్ నిచ్చెన గోడకి ఆనించి లోపలికొచ్చాడు. తెర మీద ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి అరుస్తున్నాడు. మావాడు నా భుజం మీంచి వంగి మైకులో, "ఆగరా గుంటడా! ఆగెహే!" అని ఒక్క కేక పెట్టాడు. స్తంభం మీంచి పెట్టే కేకే.

ఆ కేక ఊరంతా గుర్తుపట్టింది. మర్నాటినించి వాడిని ఎవరూ లైన్‌మన్ అనలేదు, ఇన్‌స్పెట్రుబాబు అన్నారు. మా కుర్రదొంగకి దొంగబుల్లోడు అని ఊరే పేరు పెట్టింది. నేను దొంగబుల్లోణ్ణి, వాడు ఇన్‌స్పెక్టరు. రాజు, రాణి, గుర్రం, సముద్రం గాలి, మిగతా సృష్టంతా మామ. గాలికి ఖాళీ సీసాలో ఊదేవాడు.

కథ మాకేం తెలుసు? రోజూ సాయంత్రం ఊరితోపాటే మేమూ మొదటిసారి చూస్తూ చెప్పేవాళ్లం. ముందుగా చూసుకుందామంటే ప్లేయరుకి సినిమాలతోనే తీరిక లేదు. డిస్కుల వరస కూడా తెలియదు, జపాన్ అంకెలు ఎవడికొచ్చు! ఒకరోజు దొంగబుల్లోడి నేస్తం సముద్రంలో పడి చచ్చిపోయింది. నేను ఏడ్చాను, ఊరు ఏడ్చింది. మర్నాడు డిస్కు వేస్తే అదే పిల్ల నవ్వుతూ రొట్టె తింటోంది. వెనకాల వెయ్యాల్సిన డిస్కు ముందు వేసేశాం. మామ డిస్కు ఆపబోయాడు. లైన్‌మన్ తడుముకోలేదు. ఇన్‌స్పెక్టరు గొంతుతో, "ఇది దాని సెల్లి. ఇద్దరూ అచ్చుగుద్దినట్టుంటారు," అని చెప్పేశాడు. ఆ చెల్లెలికి ఓ వారంపాటు వేరే పుట్టుపూర్వోత్తరాలు అల్లాల్సి వచ్చింది. డిస్కులు దొంగవి, కథ ఎవరిదో, మాటలు మావి. సొమ్మొకడిది సోకొకడిది.

సాయంత్రం వేసిందాన్ని మామ రికార్డు చేసి పొద్దున్న మళ్లీ వేసేవాడు. నేను ఆఫీసుకి నడిచి వచ్చే వేళ అది. మా సందు మొదట్లో ఒక ఇంట్లో నా మాట మొదలయ్యేది, పక్కింటి కిటికీలోంచి మిగతా సగం, మలుపులో టైలరు కొట్లోంచి ఇన్‌స్పెక్టరు జవాబు. అలా ఒక్క మాట తెగకుండా మెయిన్‌రోడ్డుదాకా కథ నాతోపాటు నడిచేది. నెత్తిన పొద్దుటి ఎండ మండుతోంది, చెవుల్లో మంచు కురుస్తోంది. నేను నడుస్తున్నానో, నేనే ఆ కప్పుల మీద పరిగెడుతున్నానో తెలిసేది కాదు. పెళ్లీ పెటాకులూ లేకుండా నలభై దాటిన బెల్లమమ్మని, పదమూడేళ్ల దొంగపిల్లాడినై తిరిగాను. అంత సుఖం మళ్లీ పడలేదు, నిజం చెప్తున్నాను.

వేసవి సగమయ్యేసరికి స్తంభాల మీద యాంప్లిఫయర్లు రాత్రికి రాత్రి మాయమవడం మొదలైంది. బొమ్మ దూరానికి అందాలంటే దారిలో ఆ పెట్టెలు ఉండాలి. ఒకటి పోతే వీధి వీధంతా టీవీలు చీకటి. పంచదార ఫ్యాక్టరీ రోడ్డులో ఒకటి పోయింది, తర్వాత గవరపాలెంలో, తర్వాత ఇంకోచోట. అన్నీ మావాడు చూసే లైన్లే.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అది మా ఊళ్లో అందరికీ తెలిసిందే. మా లైన్‌మన్ పదహారేళ్ల వయసులో చెరుకు తోటల్లో మోటార్ల రాగితీగ కోస్తూ దొరికిపోయాడు. స్తంభానికి కట్టి కొట్టారు, తర్వాత కొన్నాళ్లు లోపల ఉన్నాడు. బయటికొచ్చాక మా ఓనరే పిలిచి పనిచ్చాడు. అప్పటినించి ఒక మేకు కూడా ఎవరిదీ ముట్టలేదు. దొంగబుల్లోడు గోడ దూకుతుంటే, "గోడ దిగేక పరిగెత్తకూడదక్కా, నడవాలి. పరిగెడితే కుక్కలొత్తాయి," అని నవ్వుతూ నా చెవిలో చెప్పేవాడు. నేను అదే మాట మైకులో అనేసేదాన్ని. దాచుకునే మనిషైతే అలా చెప్తాడా? నాకు అంతే చాలు. ఊరికి చాలలేదు.

"కుక్క తోక వంకరే కదమ్మా," అన్నాడు ఓనరు నాతో.

"మీరు చూశారా బాబూ, వాడు తియ్యడం?"

"తీగ తెలిసినోడే తీసేడు. ఊల్లో ఎవులికి తెలుసు ఆ పెట్టి ఇప్పడం? నిప్పు నేకుండా పొగొత్తాదేటి?"

"మీకూ తెలుసు ఇప్పడం. మామకీ తెలుసు. మమ్మల్ని అడగరేం?"

ఆయన నా వంక అదోలా చూసి వెళ్లిపోయాడు. నా నోరు అలాంటిది, అందుకే జీతం పెరగలేదు.

ఈ మాట గదిలో ఉంటే బాగుండును. గోడలకి చెవులు, మా ఓనరు నోటికి తలుపులు లేవు. వారం తిరక్కుండా మావాడి ముందు ఇళ్లు మూసుకోవడం మొదలైంది. "మా ఆయన వచ్చేక రా," అనేవారు. గొలుసు తియ్యకుండా సందులోంచి మాట్లాడేవారు. ఫోనులో నాతో, "బొమ్మ రావట్లేదమ్మా. మనిషిని పంపండి. ఆ అబ్బాయి కాకుండా ఇంకెవరినేనా," అనేవారు. ఇంకెవరున్నారు! చిత్రం ఏమిటంటే సాయంత్రం అయ్యేసరికి వాళ్లే ఇన్‌స్పెట్రుబాబు కేకకి పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఒకరోజు వాడు వచ్చి వైరు చుట్ట కింద పడేసి గోడవారన కూర్చున్నాడు.

"అక్కా, స్తంభం మీంచి కేకేత్తే పలకడం మానేసేరు. బొమ్మ వచ్చిందో నేదో ఎలగ తెలుత్తాది నాకు? ఇంట్లో ఇనబడతానే ఉంటాది. పలకరు."

మామ మంచినీళ్ల సీసా వాడి వైపు తోశాడు.

"నానూ, నా ఇల్లాలూ, పిల్లా. ఊరికెల్లిపోతాం. మా మేనమామకి కొండ కింద పొలవుంది, ఆడికి కూలోడు కావాలి."

"వెళ్తే ఒప్పుకున్నట్టేరా," అన్నాను.

"ఉంటే మటుకు ఎవులు తలుపు తీత్తారు?"

ఓనరు కూడా నిర్ణయించేశాడు: అట్టపెట్టెలో మిగిలిన ఆఖరి డిస్కు అయిపోయిన మర్నాడు వాణ్ణి తీసెయ్యాలని, పోలీసులకి చెప్పాలని. అప్పటిదాకా ఎందుకు ఆగారు బాబూ అంటే, "ఇన్‌స్పెట్రు గొంతు మారిపోతే ఊరు ఊరుకోదమ్మా," అన్నాడు. దొంగ అని అనుమానం, కానీ పోలీసు గొంతు మాత్రం వాడిదే కావాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఖరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం రోడ్డు మీద రిక్షాలు కూడా లేవు. అంతా టీవీల ముందే ఉన్నారు. గదిలో ముగ్గురం మైకు చుట్టూ కూర్చున్నాం. వాడు రోజూ వేసుకునే ఖాకీ చొక్కా కాక, పెళ్లికెళ్తున్నట్టు ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. మామ డిస్కు తుడిచి లోపలికి తోశాడు.

మంచు కురుస్తోంది. దొంగబుల్లోడు మా కథలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడుస్తున్నాడు. ఊరి చివర సముద్రంలోకి పొడుచుకెళ్లిన చెక్కల వంతెన. దాని కొసకి చేరాక ఇంక పారిపోవడానికి చోటు లేదు. వెనకనించి పొడుగు కోటు వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. "దొరికేవురా!" అన్నాడు మావాడు, గొంతులో ఎప్పటి హుషారు లేదు. ఇన్‌స్పెక్టరు సంచి లాక్కుని తిరగేశాడు. దువ్వెన, లోలకం, దీపం అన్నీ రాలతాయని నేను మాట సిద్ధం చేసుకుంటున్నాను. సంచిలోంచి ఏమీ రాలలేదు. మంచు మీద ఖాళీ సంచి పడి ఉంది.

అన్నీ ఎప్పుడో తిరిగి ఇచ్చేశాడన్నమాట. ఏ డిస్కులో ఇచ్చాడో, మేము వరస తప్పి ఏ మాటల కింద కప్పేశామో దేవుడికే తెలియాలి.

తెర మీద వాడు ముఖమెత్తి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. జపాన్ భాషలో ఏం చెప్పాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నాలో మాత్రం వారాల తరబడి ఉడుకుతున్న కోపం ఉంది, నా పక్కన తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఉన్నాడు. నేను మైకుకి నోరు ఆనించాను. ఎప్పుడూ పుస్తకం భాషలో పలికే దొంగబుల్లోడు ఆ రోజు మావాడి భాషలో మాట్లాడాడు.

"సంచి సూడండి బాబూ, ఏటీ నేదు. నాను మానీసేను. ఎప్పుడో మానీసేను. నాను దొంగతనం సేసిన్రోజు ఊరంతా వచ్చి సూసింది బాబూ. మానీసిన్రోజు ఒక్కలూ సూడనేదు."

వాడి నోరు మూతపడింది. ఇక ఇన్‌స్పెక్టరు నోరు కదలడం మొదలైంది. కదులుతోంది, మాట లేదు. నేను పక్కకి చూశాను. మావాడు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని తెరకేసి చూస్తున్నాడు. చెంపల మీద నీలం వెలుతురు తడిగా మెరుస్తోంది. మామ, 'చెప్పు, చెప్పు' అని చేత్తో సైగ చేస్తున్నాడు. సీసాలో ఊదడం కూడా మర్చిపోయాడు. ఊరు ఊరంతటికీ మా ముగ్గురి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

తెర మీద ఇన్‌స్పెక్టరు చెప్పాల్సింది చెప్పేసి, చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోతున్నాడు. నోరు కనబడటం లేదు, కోటు వీపు ఒక్కటే కనబడుతోంది. అప్పుడొచ్చింది మావాడి గొంతు. కేక కాదు, పక్కనున్నవాడికి చెప్పుకున్నట్టుంది.

"నాను సూసేన్రా బుల్లోడా. నువ్వు మానీసిన్రోజు నాను సూసేను."

తర్వాత మంచు, సముద్రం, జపాన్ అక్షరాలు పైకి పాకుతూ పోవడం. మామ మైకు ఆపేశాడు. వాడు లేచి నిచ్చెన తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఎప్పుడూ మోగే టెలిఫోను ఆ సాయంత్రం ఒక్కసారి కూడా మోగలేదు. చెడిందిరా భగవంతుడా అనుకున్నాను. నోటిదూలతో వాడికి ఉన్న ఆ కాస్త దారీ మూసేశానేమోనని ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

మర్నాడు ఓనరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. లైన్‌మన్ మూలన నిలబడి ఉన్నాడు. ఓనరు నోరు విప్పబోయాడు, ఫోను మోగింది. నేను తీశాను.

"అమ్మా, బొమ్మ రావట్లేదు. ఇన్‌స్పెట్రుబాబుని పంపండి." ఎవరో ముసలామె గొంతు. చిరునామా చెప్పింది. పెట్టేశాను, మళ్లీ మోగింది. ఇంకో వీధి, ఇంకో ఆడమనిషి, అదే మాట. మళ్లీ మోగింది. నాలుగోసారి ఓనరే చిరాగ్గా తీశాడు. "ఆఁ... ఆఁ... ఇన్‌స్పెట్రేనేటి? ఇంకెవులేనా వత్తే..." అవతల ఏమన్నారో, చెవి దగ్గరనించి ఫోను దూరంగా పెట్టుకున్నాడు.

"ఒక్కసారే ఇన్ని ఇళ్లలో బొమ్మ పోడమేటి? మెయిన్ లైనే పోయుంటాది మావా!" అన్నాడు. మామ టీవీలన్నిటికేసీ చూపించాడు. అన్నిట్లోనూ బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. ఓనరు కాసేపు వాటి వంక చూశాడు. లైన్‌మన్ వంక చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఎల్లరా మరి, జనాలు ఎదురు సూత్తన్నారు," అన్నాడు. క్షమించమని అనలేదు. ఆ యాంప్లిఫయర్లు తీసిందెవరో ఆఖరికీ తెలియలేదు. పెట్టెలకి ఇనప ఊచల గూళ్లు కట్టించారు, అంతటితో సరి.

వాడు పొద్దున్న వెళ్లినవాడు పొద్దు వాలేదాకా రాలేదు. వచ్చేక పనిముట్ల సంచి నా ముందు బల్ల మీద పెట్టాడు. దాని మూతికి పొద్దున్న కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"ఏరా, రోజంతా ఏం చేశావు?"

"టీలు తాగేనక్కా," అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. "కుర్సీలేసి కూకోబెట్టేరు. ఎవులింట్లోనూ బొమ్మ పోనేదు. ఒక్క ముసలమ్మింట్లో మటుకు నిజంగానే రావట్లేదు. ఎనక్కెల్లి సూత్తే, వయిరు ఆ ముసలమ్మే పీకీసుకుంది."